గడువు మీరి జీవించుటకు కారణములు

ధన్విత చనిపోయిన పదకొండో రోజు ఉదయం నేను వాళ్ళింటి తలుపు తట్టాను. తలుపు తీసింది ధన్విత.

తీసింది అంటే లేచి వచ్చి తియ్యలేదు. చక్రాల కుర్చీలో కూర్చుని, గడియకు కట్టిన నైలాన్ తాడు లాగింది. గడియ జారింది, తలుపు తెరుచుకుంది. పదేళ్ళ పిల్ల. రెండు జడలు, ఒళ్ళో కడుపుతో ఉన్న పిల్లి.

"ఎవరు కావాలండి?"

నేను చేతిలో కాగితం చూసుకున్నాను. "కుమారి వాసంశెట్టి ధన్విత గారి ఇల్లు ఇదేనా అమ్మా?"

"నేనేనండి."

"నాకు కావలసింది కీర్తిశేషురాలు ధన్విత."

"కీర్తిశేషురాలంటే?"

"అంటే... చనిపోయిన."

పిల్ల ఒక్క క్షణం ఆలోచించి, మెడ తిప్పి లోపలికి కేకేసింది. "అమ్మా! నేను చచ్చిపోయేనంట! ఎవరో వచ్చేరు. కూర్చోమననా?"

నా పేరు గుత్తుల వీరభద్రం. చిరుతోడు పథకంలో సాంత్వన సహాయకుణ్ణి. నయంకాని జబ్బుతో పుట్టి, పెద్దవాళ్ళయ్యేదాకా బతకరని డాక్టర్లు చెప్పిన పిల్లల కుటుంబాలకు అండగా నిలబడే పథకం అది. మంచి పథకం. ఇంటికే ఊపిరి మిషను ఇస్తుంది. వారానికి రెండుసార్లు నర్సును పంపుతుంది. నర్సు ఉన్న ఆ నాలుగు గంటలూ తల్లి పడుకోవచ్చు. నాకు తెలిసి ఒక తల్లికి నిద్ర మంజూరు చేసిన పథకం ఇదొక్కటే.

అయితే ఆ ఏడాది మా శాఖలో గడువుల ఏడాది. పైనున్న పెద్దాయన ఒకరు ఏదో సదస్సుకు వెళ్ళి, ప్రతి సేవకూ గడువు ఉండాలని నేర్చుకుని వచ్చారు. కుళాయి కనెక్షనుకు ఇన్ని రోజులు, కుల ధ్రువపత్రానికి ఇన్ని రోజులు అని వరసగా రాయించుకుంటూ చిరుతోడు దగ్గరికి వచ్చి, దీనికి గడువెంత అని అడిగారు. ఎవరూ చెప్పలేకపోయారు. దాంతో పథకాన్ని మూడు దశలు చేశారు. తోడు, సాంత్వన, సంపూర్ణం. బిడ్డను చేర్చుకునేటప్పుడే ఎన్ని నెలలు బతుకుతుందో డాక్టరు కంప్యూటర్లో నింపాలి. ధన్వితను చూసే డాక్టరు సత్యవాణి గారు ఆ గడిలో 'చెప్పలేం' అని కొట్టారు. గడి అక్షరాలు తీసుకోలేదు, అంకె అడిగింది. ఆమె అరవై వేశారు. గరిష్ఠం పద్దెనిమిది అంది. వెనకాల వరండాలో నలభై మంది పేషెంట్లు ఉన్నారు. ఆమె పద్దెనిమిది వేశారు.

పంతొమ్మిదో నెల మొదటి తేదీన కంప్యూటరు ధన్వితను సాంత్వన దశలోకి పంపింది. పదో రోజు దాటేదాకా ఆగి, పదకొండో రోజున నన్ను పంపింది. ఆచారాలు తెలిసిన కంప్యూటరు.

తల్లి దుర్గ చేతులకు పిండితో వచ్చింది. నేను నియమం ప్రకారం సంచిలోంచి సామగ్రి తీసి బల్ల మీద పెట్టాను. గంధపు చెక్కల దండ ఒకటి. ఖాళీ ఫోటో ఫ్రేము ఒకటి. 'దుఃఖానికి ఎనిమిది మెట్లు' అనే పుస్తకం ఒకటి. మెట్టుకు ఒక సమావేశం చొప్పున నేను ఎనిమిదిసార్లు రావాలి.

నా పేరూ, సాంత్వన సహాయకుణ్ణనీ చెప్పి, "శాఖ తరఫున మా ప్రగాఢ సానుభూతి," అన్నాను.

దుర్గ దండ వంక చూసింది, కూతురి వంక చూసింది, నా వంక చూసింది. నవ్వడం మొదలుపెట్టింది. గుమ్మం పట్టుకుని, కడుపు పట్టుకుని, చివరికి నేల మీద కూలబడి నవ్వింది. పిండి చేతులతో కళ్ళు తుడుచుకుంటే ముఖమంతా తెల్లగా అయింది. ఆ ఇంట్లో నవ్వు విని చాలాకాలమైనట్టుంది, పిల్లి మంచం కిందికి పారిపోయింది.

నా దగ్గరున్న ఫారంలో మొదటి ప్రశ్న: కన్నీరు వచ్చినదా? 'వచ్చినది' అని టిక్కు పెట్టాను.

"ఉత్తరం కూడా ఉందండి," అని కవరు ఇచ్చాను. దుర్గ నవ్వుతూనే చదవసాగింది. నాలుగో పేరా దగ్గర నవ్వు ఆగింది.

"'మొదటి దశలో అందజేసిన శ్వాస యంత్రము ముప్పది దినములలో స్వాధీనపరచుకొనబడును.' అంటే ఏటండి ఇది?"

"వచ్చే నెల పదో తేదీన స్టోరు వ్యాను వస్తుందండి. మిషను తీసుకెళుతుంది."

"పదకొండు రోజుల్నుంచీ సిస్టర్ గారు ఎందుకు రావట్లేదో అనుకుంటున్నాను. ఇదన్న మాట." ఆమె లేచి నిలబడింది. "చూడండి వీరభద్రం గారూ. దీనికి కండరాలు రోజురోజుకీ నీరసపడతన్నాయి. మెలకువగా ఉంటే సొంతంగా ఊపిరి తీసుకుంటాది. పడుకుంటే ఆ మిషనే తియ్యాలి. మిషను లేకపోతే, ఒకసారి నిద్రపోయిందంటే ఇంక లేవదు. మా ఆయన ఆటో అమ్మినా అలాంటిది రాదు. అర్థమైందాండి?"

అర్థమైంది. మిషను పోతే మా రికార్డు నిజమవుతుంది.

"సాంత్వన అంకుల్," అంది ధన్విత, "ఆ ఫ్రేము నాకిస్తారా? పిల్లలు పుట్టేక పిల్లి ఫోటో పెట్టుకుంటాను."

*

మా ప్రాజెక్టు డైరెక్టరు కందర్ప భుజంగరావు గారు. ఆయన గదిలో గోడ మీద పెద్ద గడియారం, దాని కింద పెద్ద అక్షరాలతో 'గడువే గౌరవం' అని ఉంటుంది.

"పాప బతికే ఉందండి," అన్నాను.

"అది వైద్యపరమైన అంశం వీరభద్రం. మనది పరిపాలన. బతికి ఉందనడానికి ఆధారం?"

"తలుపు తీసిందండి."

"తలుపు తీయుట ధ్రువపత్రం కాజాలదు."

"పింఛనుదార్లు ఏటా ఇస్తారు కదండీ, బతికున్నట్టు పత్రం. అలాంటిది పుట్టిస్తే?"

"అది అరవై ఏళ్ళు నిండినవారికే వర్తిస్తుంది."

"పాపకు పదేళ్ళండి. ఇంకా యాభై ఏళ్ళు ఆగాలి."

"ఆగనివ్వండి. మన పథకం ఎవరినీ తొందరపెట్టదు."

ఆపరేటరు కిరణ్మయిని పిలిచారు. దశ వెనక్కి మార్చడం కుదురుతుందేమో చూడమన్నారు. ఆ అమ్మాయి అక్కడే నిలబడి చెప్పింది. "వెనక్కి బొత్తాం లేదు సార్. ముందుకే ఉంది. నొక్కితే సంపూర్ణంలోకి వెళ్ళిపోద్ది."

"చూశారా," అన్నారు డైరెక్టరు గారు, ఆమె మాటలో ఏదో తత్వం దొరికినట్టు. "సేవ ఎప్పుడూ ముందుకే. గడువు లోపల దశ మార్పులో మన జిల్లా నూటికి నూరు శాతం. ఒక్క కేసు వెనక్కి పోతే ఆ నూరు నిలుస్తుందా? అసలు పద్దెనిమిది నెలలని లిఖితపూర్వకంగా ఇచ్చాక అది మాట ఇచ్చినట్టు. మాట తప్పినది ఎవరు? శాఖా? లబ్ధిదారా?"

ఆ సాయంత్రమే లబ్ధిదారుకు నోటీసు తయారైంది. 'గడువు మీరి జీవించుటకు గల కారణములను ఏడు దినములలో తెలుపవలెను. లేనిచో చెప్పుకొనుటకు కారణములు ఏమియు లేవని భావించబడును.'

రెండో సమావేశానికి వెళ్ళినప్పుడు నోటీసు నేనే పట్టుకెళ్ళాను. దుర్గ పళ్ళు కొరికింది. నూకరాజు, అంటే ధన్విత తండ్రి, భోజనానికి ఇంటికి వచ్చి ఉన్నాడు. అన్నం పళ్ళెం ముందునుంచి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.

"బతికినందుకు సంజాయిషీ ఏటండి బాబూ? ఆ రాసినోడి ఇల్లు ఎక్కడో చెప్పండి, ఓసారి నా ఆటోలో తిప్పుతాను."

"ఉండు నాన్నా. కారణాలే కదా అడిగేరు," అంది ధన్విత. "నేను చెప్తాను, నువ్వు రాయమ్మా."

జవాబు ఇలా వెళ్ళింది:

'గౌరవనీయులైన డైరెక్టరు గారికి. నేను గడువు మీరి బతకడానికి కారణాలు. ఒకటి, మా అమ్మ రోజూ నాలుగుసార్లు నా వీపు తట్టి కఫం తీస్తుంది. రెండు, మీరిచ్చిన మిషను బాగా పనిచేస్తోంది. మూడు, మా పిల్లి ఈ నెల్లో ఈనుతుంది, ఎన్ని పిల్లలో చూడాలి. నాలుగు, గడువు సంగతి నాకు ఎవరూ చెప్పలేదు.'

అయిదో రోజుకే తిరుగు జవాబు వచ్చింది. గడువు లోపలే. మొదటి కారణానికి వైద్యాధికారి ధ్రువీకరణ లేదు. రెండవది శాఖ సొంత సేవ కనుక లబ్ధిదారు దానిని తన కారణముగా చూపరాదు. మూడవది పశుసంవర్ధక శాఖ పరిధిలోనిది. నాల్గవది పరిశీలించబడినది, తిరస్కరించబడినది. పైగా, మృతులు స్వయంగా సమర్పించిన వివరణ చెల్లదు.

*

మనిషి ఎదురుగా కనిపిస్తే ఎవరైనా కాదనగలరా అని సోమవారం అర్జీల రోజున దుర్గ పాపను ఆటోలో ఎక్కించుకుని ఆఫీసుకు తీసుకొచ్చింది. మా ఆఫీసుకు చక్రాల కుర్చీల కోసం ఏటవాలు బాట ఉంది. దానికి తాళం ఉంది. తాళంచెవి ఉన్న మనిషి సెలవులో ఉన్నాడు. నూకరాజూ నేనూ కుర్చీని చెరో వైపు పట్టి మెట్లెక్కించాం.

"బరువుగా ఉన్నానా అంకుల్?" అని అడిగింది ధన్విత.

"లేదమ్మా."

"చచ్చిపోయినోళ్ళు తేలిగ్గా ఉంటారంట కదా."

"ఊరుకోవే," అంది దుర్గ.

టోకెను దగ్గర అర్జీదారు పేరు అడిగారు. ధన్విత తన పేరు చెప్పింది. కిరణ్మయి తెర చూసి, గొంతు తగ్గించి, "సారీ అండి, మృతుల తరఫున కుటుంబసభ్యులకే టోకెను వస్తాది," అంది. టోకెను దుర్గ పేరు మీద వచ్చింది.

డైరెక్టరు గారు లేచి నిలబడి మరీ ఆహ్వానించారు. మనిషి మర్యాదస్థుడు. పాప తల మీదుగా తల్లితో మాట్లాడారు.

"మీకు కలిగిన తీరని లోటుకు శాఖ చింతిస్తోందమ్మా."

"లోటు లేదండి. ఇదిగో, ఇక్కడే ఉంది."

"అర్థం చేసుకోగలను. మొదటి మెట్టులో అందరూ ఇలాగే అంటారు. ఆ పుస్తకంలో మూడో పేజీ." ఆయన గంట కొట్టారు. సిబ్బంది అంతా లోపలికి వచ్చారు. "వాసంశెట్టి ధన్విత జ్ఞాపకార్థం అందరం రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం."

అందరం తలలు దించాం. దుర్గ ఏం చెయ్యాలో తెలియక నిలబడిపోయింది. నూకరాజు తలగుడ్డ తీసి మళ్ళీ కట్టుకున్నాడు. ధన్విత కూడా తల దించి కళ్ళు మూసుకుంది. ఫ్యాను తిరుగుతోంది. ఎవరో దగ్గారు.

"ధన్యవాదాలు," అని డైరెక్టరు గారు కూర్చున్నారు.

ధన్విత కళ్ళు తెరిచి గోడ మీది గడియారం చూసింది. "రెండు నిమిషాలు అవ్వలేదండి. నలభై సెకన్లే."

గదిలో ఎవరూ నవ్వలేదు. డైరెక్టరు గారు మొదటిసారి ఆ పిల్ల ముఖంలోకి చూశారు. తర్వాత వాచీ చూసుకున్నారు. తర్వాత బల్ల మీది కాగితాలు సర్దుకున్నారు. "నెక్స్ట్," అన్నారు.

*

వ్యాను రావడానికి నాలుగు రోజులుంది. ఆ మధ్యాహ్నం క్యారేజీ విప్పుకుని, సాంత్వన దశ నిబంధనల పుస్తకం ముందేసుకున్నాను. ఉద్యోగంలో చేరినప్పుడు ఇచ్చారు. అట్ట తెరవడం ఇదే మొదలు. ఇరవై ఏడో నిబంధన దగ్గరికి వచ్చేసరికి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

'మృతశిశువు మిక్కిలి ప్రీతితో వాడిన వస్తువులను స్మృతి వస్తువులుగా కుటుంబము కాలపరిమితి లేకుండా ఉంచుకొనవచ్చును. వాటిని ఎవరునూ, ఏ కారణముచేతను తొలగించరాదు. సహాయకుడు జాబితా వ్రాయవలెను. ప్రాజెక్టు డైరెక్టరు స్వయముగా చూసి ఆమోదించవలెను. వస్తువులను భక్తిశ్రద్ధలతో ఉంచినట్టు కనబడవలెను. మృతశిశువును బాగుగా ఎరిగిన ఒకరు సాక్షి సంతకము చేయవలెను.'

ఇరవై ఎనిమిదోది ఇంకా బాగుంది. తల్లి కుంగిపోతే ఆమె కోరిన ఆత్మీయులలో ఒకరిని సహాయకుడు సమావేశాలకు వెంట తీసుకెళ్ళవచ్చు, ఎన్నిసార్లయినా, దుఃఖము తీరువరకు. ఆత్మీయులు నర్సు కాకూడదని ఎక్కడా రాయలేదు.

చెయ్యి కడుక్కుని బండి తీశాను.

"అంటే మిషను ఉంటాది, సిస్టర్ గారూ వస్తారు. పాప చచ్చిపోయినట్టు ఒప్పుకోవాలి. అంతేనా?" అంది దుర్గ.

"కాగితం మీదేనమ్మా. ఆ దండ పాప ఫోటోకి వేసి, పక్కన మిషను పెట్టి, దీపం వెలిగిస్తే చాలు. భక్తిశ్రద్ధలు కనబడాలని ఉంది."

నోటీసుకు బెదరని మనిషి. అర్జీల రోజున ఆఫీసులో గొంతు తగ్గించని మనిషి. ఆ మాటకు మాత్రం రెండడుగులు వెనక్కి వేసింది.

"అది నావల్ల కాదండి. ఏ కాగితం మీద కావాలంటే ఆ కాగితం మీద సంతకం పెడతాను. బతికున్న పిల్ల ఫోటోకి దండ వెయ్యను. ఈ చేతుల్తో వెయ్యలేను."

ఆమె కుంచెం తీసి బియ్యం కొలవసాగింది. ఎందుకో ఆమెకే తెలియదు. కొలిచి మళ్ళీ డబ్బాలో పోసింది.

"దండ ఫోటోకే వెయ్యాలని రాసేరా అంకుల్?" అంది ధన్విత.

పుస్తకం మళ్ళీ చూశాను. వస్తువులను భక్తిశ్రద్ధలతో ఉంచాలని ఉంది. ఫోటో మాట లేదు.

"దసరాకి నాన్న ఆటోకి దండ వేస్తాడు, బొట్టు పెడతాడు, నిమ్మకాయలు తొక్కిస్తాడు. ఆటో చచ్చిపోయిందా? మిషనుకి వేసెయ్యండి."

దుర్గ కూతురి వైపు చూసింది. లేచి వెళ్ళి పసుపు గిన్నె, కుంకం భరిణె తెచ్చింది. ఆ పూట పంచాంగంతో పని లేకుండా మిషనుకు ఆయుధపూజ జరిగింది. నిమ్మకాయలు ఎక్కడ పెట్టాలో తెలియక పిల్లి పాలగిన్నె పక్కన పెట్టాం.

*

పదో తేదీ మధ్యాహ్నం వ్యాను వచ్చింది. వెనకాలే జీపులో డైరెక్టరు గారు దిగారు, చేతిలో నా జాబితా. ధన్విత అప్పుడే అన్నం తిని అలిసిపోయి మంచం మీద వాలి ఉంది. ముక్కుకు గొట్టం తగిలించి ఉంది. బల్ల మీద గంధపు దండతో, మూడు కుంకం బొట్లతో, పక్కన దీపంతో మిషను బుస్సు బుస్సుమంటూ నడుస్తోంది. ఎదురుగా పిల్లి, దాని పొట్ట దగ్గర మూడు కూనలు.

డైరెక్టరు గారు బూట్లు బయటే విప్పి వచ్చారు. జాబితా చదివారు. "క్రమసంఖ్య ఒకటి, శ్వాస యంత్రం." మిషను దగ్గరికి వెళ్ళి చూశారు. "భక్తిశ్రద్ధలు ఉన్నాయి. సంతోషం. అయితే స్మృతి వస్తువు నడుస్తోందేమిటి?"

నేను పుస్తకంలో ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కోలేదు. వ్యాను డ్రైవరు గుమ్మంలో తాడు చుట్ట పట్టుకుని నిలబడ్డాడు.

"ఆపితే మాకు దుఃఖం వస్తాదండి," అంది దుర్గ.

అంతే అంది. చేతులు జోడించలేదు, ఏడవలేదు. డైరెక్టరు గారు ఆమెను చూశారు. మంచం వైపు చూశారు. గొట్టం ఒక చివర నుంచి రెండో చివర దాకా ఆయన చూపు నెమ్మదిగా నడిచింది. జేబులోంచి పెన్ను తీసి, గొంతు సవరించుకుని, పైకి చదువుతూ రాశారు.

"'యంత్రమును ఆపినచో కుటుంబమునకు దుఃఖము కలుగునని ప్రత్యక్షముగా గ్రహించడమైనది. దుఃఖ నివారణయే ఈ దశ లక్ష్యము కనుక, నిరంతరము నడుపుటకు అనుమతించడమైనది. కాలపరిమితి లేదు.'"

డ్రైవరు తాడు చుట్ట వ్యానులోకి విసిరేశాడు.

"సాక్షి?" అన్నారు డైరెక్టరు గారు. "మృతురాలిని బాగా ఎరిగినవారు ఎవరైనా?"

ధన్విత ముక్కు మీది గొట్టం పక్కకు తీసింది. "నేను పెడతానండి. నాకు బాగా తెలుసు."

ఆయన మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నారు. "మృతురాలితో సంబంధం?"

"ఎప్పుడూ కలిసే ఉంటామండి."

ఆయన ఆ గడిలో అదే రాశారు. కాగితం అట్ట మీద పెట్టి ఆమె ముందు పట్టుకున్నారు. దుర్గ వీపు వెనక దిండు పెట్టి, పెన్ను వేళ్ళ మధ్య ఇరికించింది. ఆ వేళ్ళకు బలం లేదు. మొదటి అక్షరానికే చెయ్యి జారింది. దుర్గ పట్టుకోబోతే వద్దని తల ఊపింది. ఒక్కో గీత గీసి, ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ గీసింది. డైరెక్టరు గారు అట్ట కదలకుండా రెండు చేతులతో పట్టుకుని, తల దించుకుని ఉన్నారు. డ్రైవరు గుమ్మంలో టోపీ తీశాడు. ఎవరూ దగ్గలేదు.

పేరు పూర్తయింది. దాని కింద చిన్న గీత కూడా గీసింది, పెద్దవాళ్ళలాగ.

పెన్ను వదిలేసి, వెనక్కి వాలి, ధన్విత తమ ఇంటి గోడ గడియారం చూసింది.

"ఈసారి పూర్తిగా రెండు నిమిషాలండి," అంది డైరెక్టరు గారితో.